ఇంటివద్ద చదువుకొనే బిడ్డ – వ్రాతలో తడబాటు

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము "బిడ్డల విద్య – తల్లిదండ్రుల బాధ్యత". ఇది గోదావరి వంటి అంశము. ఇరవై నిమిషాలలో గోదావరిని ఈదే శక్తి నాకు లేదు గనుక, నిర్వాహకుల అనుమతితో అందులో ఒక పాయను మాత్రమే తీసుకొన్నాను. బడికి పోకుండా ఇంటివద్దనే చదువుకొనే బిడ్డ ఉన్నాడు. నోటితో చక్కగా చెబుతాడు. కాగితంమీద పెట్టమంటే పెట్టలేడు. ఎన్నిసార్లు దిద్దినా అక్షర దోషాలు పోవు. అట్టి బిడ్డకు తల్లిదండ్రులు ఏమి చేయవలెను? నేటి నా మాట ఇంతవరకే.

మన ప్రాంతంలో ఇంటి చదువు ఎవరికని కొందరు అనుకోవచ్చును. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ప్రతి ఇల్లూ బడి అయిన సంగతి మరచిపోరాదు. తెలంగాణలో చిన్న తరగతుల బిడ్డలు 2021 సెప్టెంబరు దాకా ఇంటనే ఉండిపోయారు. ఆ తరువాత కూడా అనారోగ్యం వల్లనో, తండ్రి బదిలీల వల్లనో, బడిలో పడిన అవమానం వల్లనో కొన్ని కుటుంబాలు బిడ్డలను ఇంటివద్దనే ఉంచుకొన్నాయి. మన సంఘాలలోనే అట్టివారు నాకు తెలుసు. 2009 నాటి విద్యాహక్కు చట్టం, ఆరు నుండి పద్నాలుగేండ్ల బిడ్డలను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి అన్నది గాని, చేర్చనివారికి శిక్ష ఏదీ పెట్టలేదు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన చదువు పూర్తిచేయవచ్చును. పద్నాలుగేండ్లు నిండితే పదవ తరగతికి సమానమైన పరీక్ష తెలుగులోనే వ్రాయవచ్చును. బడి మంచిదా, ఇల్లు మంచిదా అనే వాదంలోకి నేను దిగడం లేదు. బిడ్డ ఇంట ఉన్నాడు, తల్లి ఎదుట పలక ఉన్నది. అక్కడినుండి మొదలుపెడదాము.

గురువుగా పెండ్లి రిజిస్టరులో సంతకాలు చేయించేటప్పుడు ఒక సంగతి గమనిస్తూ వచ్చాను. నలుగురు పోట్లాడుకొంటుంటే మధ్య నిలిచి ఒప్పించగల మనిషి, ఎకరానికి ఎంత పెట్టుబడి, ఎంత రాబడి అని నోటి లెక్కతో చెప్పగల మనిషి, సాక్షి సంతకానికి కలం చేతికిస్తే నుదుట చెమట తుడుచుకొంటాడు. "వేలిముద్ర వేస్తానయ్యగారూ" అంటాడు. బడికి పోలేదా అంటే నాలుగేండ్లు పోయానంటాడు. "నాకు అక్షరం అంటలేదు" అంటాడు. వీరందరూ కాకపోయినా వీరిలో కొందరు, మనం ఈ దినం మాట్లాడుకొనే బిడ్డలే. వారి చిన్నతనంలో ఆ బాధకు మన ఊళ్లలో పేరు లేదు. పేరు లేని బాధకు మందు బెత్తం. బెత్తంతో కుదరకపోతే పశువుల వెంట పంపుట.

నిజానికి పేరు ఇంకెక్కడో అప్పటికే ఉన్నది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేండ్ల కుర్రవాని గురించి వ్రాశాడు. వాని పేరు పెర్సీ. తెలివైనవాడు, లెక్కలు వచ్చు, ఆటలలో ముందుంటాడు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని వ్రాసేవాడు. చదువంతా నోటితోనే అయితే బడిలో వీడిని మించినవాడు ఉండడని వాని ఉపాధ్యాయుడే చెప్పాడట. ఆ ఒక్క మాటలో మన సమస్య అంతా ఉన్నది. నేడు చదువులో వచ్చే ఇట్టి చిక్కును డిస్లెక్సియా అని, చేతివ్రాతలో వచ్చేదానిని డిస్‌గ్రాఫియా అని అంటున్నారు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' అనే హిందీ చిత్రం చూచి మనలో చాలామంది కన్నీరు పెట్టుకొన్నారు. ఆ కన్నీరు తుడుచుకొని ఇంటికి వచ్చి, తమ బిడ్డ నోటుబుక్కు చూచి చెవి మెలిపెట్టినవారు కూడా లేకపోలేదు.

అసలు సంగతికి వస్తాను. మనం బిడ్డతో "నాలుగు మాటలు వ్రాయరా" అంటాము. అది ఒక పని అని మన ఊహ. బిడ్డకు అది మూడు పనులు. ఏమి చెప్పాలో ఆలోచించుట ఒకటి. ఏ మాటకు ఏ అక్షరమో, ఎక్కడ దీర్ఘమో, ఏ వత్తో జ్ఞాపకం చేసుకొనుట రెండు. ఆ వంపులను చేతితో తిప్పుట మూడు. పెద్దలకు రెండవది, మూడవది అలవాటులో జరిగిపోతాయి గనుక అవి పనులని తోచదు. తడబడే బిడ్డకు మాత్రం నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె, చేతిలో ఒక బిందె పెట్టి నడువుమన్నట్టే. ఏదో ఒకటి జారుతుంది. చాలాసార్లు జారేది మొదటి బిందె, అనగా చెప్పవలసిన సంగతి.

మా ఇంట ఇది కళ్లారా చూచాము. 2020లో మా రెండవవాడు రెండవ తరగతి. బడి మూతపడితే నా సహధర్మిణి వరండాలో చాప వేసి చదువు మొదలుపెట్టింది. వాడు నోరు విప్పితే కథల పుట్ట. నాయనమ్మ ఊరికి పోయి వచ్చి, చెరువు అలుగు పారిన సంగతి, అలుగు దగ్గర జనం వలలు వేసిన సంగతి, ఒక ముసలాయన పంచె కొట్టుకొని పోయిన సంగతి అరగంట చెప్పాడు. ఇంటిల్లిపాదీ కడుపు పట్టుకొని నవ్వాము. అదే వ్రాయమంటే వ్రాసింది ఇది: "మెము ఊరు పొయము. బాగ ఉంది." అంతే. అలుగు లేదు, వల లేదు, పంచె లేదు. దీర్ఘాలు పోయినందుకు మాకు దిగులు లేదు. వాడు తనకు వ్రాయ వచ్చిన మాటలంత మేరకే సంగతిని కత్తిరించుకొన్నాడు. అదీ దిగులు. మరి కొన్నాళ్లకు నోటితో చెప్పుట కూడా తగ్గించాడు. "చెబితే వ్రాయమంటారు" అన్నాడు.

కాబట్టి మా ఇంట చేసిన మొదటి పని, బిందెలను విడదీయుట. వాడు చెబుతాడు, తల్లి వ్రాస్తుంది. ఉన్నది ఉన్నట్టు, వాని మాటలలోనే. "అలుగు వారింది" అంటే 'వారింది' అనే వ్రాసింది. ముగించిన తరువాత వానితో చదివించింది. తన మాట గనుక, తరువాత ఏమి రాబోతున్నదో తెలుసు గనుక, గబగబ చదివాడు. మరునాడు అందులోనుండి తనకు నచ్చిన ఒకే ఒక వాక్యమును చూచి వ్రాయమన్నది. వాడు ఎంచుకొన్నది పంచె సంగతే. ఆ పుస్తకాలు మూడు మా ఇంట ఇప్పటికీ ఉన్నవి. కథ వానిది, చేయి తల్లిది. చేయి తల్లిదైతే చదువు ఎట్లా అవుతుందని మా బంధువు ఒకాయన అడిగాడు. పెద్ద పెద్ద అధికారులు ఉత్తరం నోటితో చెబితే గుమాస్తా వ్రాసేవాడు గదా, ఆ ఉత్తరం గుమాస్తాది అని ఎవరూ అనలేదు.

ఇది మేము కనిపెట్టినది కాదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే విద్యావేత్త (1842–1923) 'హోమ్ ఎడ్యుకేషన్' అనే గ్రంథమును 1886లో ప్రచురించింది. బిడ్డ ఒక పాఠం విని, దానిని తిరిగి తన మాటలలో నోటితో చెప్పుట ఆమె పద్ధతికి మూలస్తంభము. కాగితంమీద పెట్టుట తరువాతి మెట్టు. ఉక్తలేఖనం కూడా ఉన్నపళంగా పెట్టదు. బిడ్డ ముందుగా ఆ భాగమును చూచి, కష్టమైన మాటలను కంట నిలుపుకొని, ఆ తరువాతనే వ్రాయవలెను. తప్పు పట్టుకొనుటకు కాదు, తప్పు పడకుండా చూచుటకే ఉక్తలేఖనం అన్నట్టు. మన బడులలో డిక్టేషను అంటే దీనికి సరిగ్గా తలక్రిందులు.

ఇక రెండవ బిందె, అక్షర దోషాల సంగతి. ఇక్కడ నేను కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది.

రెండు వారాలు బిడ్డను దిద్దకండి. ఎర్ర సిరా దాచిపెట్టండి. బిడ్డ చేసిన తప్పులను మీ సొంత పుస్తకంలో వ్రాసుకొంటూ రండి. పదిహేను దినాలకు మీకే తెలుస్తుంది, తప్పులన్నీ ఒక జాతివి కావు. కొన్ని చెవి తప్పులు, కొన్ని కంటి తప్పులు, కొన్ని వరుస తప్పులు. (దీనికి ముందు ఒకసారి కంటి డాక్టరుకు, చెవి డాక్టరుకు చూపించి రావలెను. అద్దాలతో తీరేదానికి ఆరు నెలలు పాఠాలు చెప్పి ప్రయోజనం లేదు.)

చెవి తప్పులలో సగం అసలు తప్పులే కావు. మన వరంగల్లు, ఖమ్మం పల్లెలలో "వచ్చిండు", "అన్నడు" అంటారు. బిడ్డ 'అన్నడు' అని వ్రాస్తే వాని చెవి పాడైనట్టు కాదు, చక్కగా పనిచేస్తున్నట్టు. "మన ఇంట అన్నడు అంటాము, పుస్తకంలో అన్నాడు అని వ్రాస్తాము" అని రెండూ పక్కపక్కన చూపితే చాలు. ఒత్తు అక్షరాలూ అంతే. 'భాష'కూ 'బాష'కూ మన నోట తేడా లేదు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం భ అని పొట్టలోనుండి పలికి, పీట దిగగానే మళ్లీ 'బాష' అంటాము. నోట లేని తేడాను బిడ్డ చెవితో ఎట్లా పట్టుకొంటాడు? ఇవి కంటితో నేర్చుకోవలసిన మాటలు. భూమి, భయము, మధ్య, సుఖము, ఘనత, ఇట్టివి ఒక్కొక్కటి పెద్ద అక్షరాలతో చీటీమీద వ్రాసి గోడకు అంటించవలెను. 'కథ' అనవలసిన చోట 'కధ' అని గోడపత్రికలమీద పెద్దవారే వ్రాస్తున్నారు. 'అర్థము' అంటే భావం, 'అర్ధము' అంటే సగం. ఎంతమంది పట్టభద్రులు ఈ తేడా పాటిస్తున్నారో నేను అడగను.

నేను ఇంతసేపటినుండి 'వ్రాత' అంటున్నాను. మీ బిడ్డల వాచకంలో 'రాత' అని ఉంటుంది. మా తాతగారి కాలంలో 'వాఁడు' అనే మాటలో అరసున్న విడిచినా, బండి ఱ ఉండవలసిన చోట మామూలు ర వ్రాసినా వ్రేళ్లమీద దెబ్బ పడేది. ఆ అరసున్న ఇప్పుడు ఎక్కడున్నది? 'రాసాడు' అనాలా 'రాశాడు' అనాలా అనే వాదం పత్రికలవారికే తీరలేదు. అక్షర క్రమం అవసరమే, కాదనను. కాని అది సీనాయి కొండమీద రాతిపలకలపై దిగివచ్చినది కాదు. ఇంట ఒక పద్ధతి పెట్టుకొని బిడ్డకు అదే చూపండి. పరిశుద్ధ గ్రంథంలో 'వ్రాసెను', పత్రికలో 'రాశాడు' చూచి బిడ్డ తికమకపడితే, "అది పాత వ్రాత, ఇది కొత్త వ్రాత" అని చెప్పండి. బిడ్డలు అర్థం చేసుకొంటారు.

నిజమైన చెవి చిక్కు వేరే. పొట్టి, పొడుగు, జంట, ఈ మూడింటి తేడా వినబడకపోవుట. అట, ఆట, అట్ట. గడి, గాడి, గడ్డి. తెలుగు వ్రాతకు ఇదే ఆయువుపట్టు. దీనికి కాగితం అక్కరలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆడవచ్చును. పొట్టి మాటకు ఒక చిటిక, దీర్ఘానికి చేయి చాచుట, వత్తుకు పిడికిలితో చాపమీద ఒక గుద్దు. "అమ్మ" అంటే గుద్దు పడవలెను. మావాడు నెల దినాలు ఇల్లంతా గుద్దుతూ తిరిగాడు. తరువాత 'చెటు' అని వ్రాయబోయి తానే ఆగి, "గుద్దు ఉంది" అని ట వత్తు పెట్టాడు. అంత్యాక్షరి ఆడండి. "కమలంలో మొదటి అక్షరం తీసేస్తే ఏమి మిగులుతుంది?" అని అడగండి. అక్షరాలను నోట విరవడం, అతకడం వచ్చిన బిడ్డకే కాగితంమీద అతకడం వస్తుంది.

వత్తుల దగ్గర మన లిపిలో ఒక మెలిక ఉన్నది. చదువు వచ్చినవారికి ఇది కనబడదు. 'వస్తే' అనే మాట పలకండి. స తరువాత త, ఆ తరువాత ఏ. వ్రాసేటప్పుడో? ఏ గుర్తు స నెత్తిన పెట్టి, ఆ తరువాత క్రింద త వత్తు ఇస్తాము. నోటికి చివర వచ్చేది చేతికి ముందు వస్తుంది. 'స్త్రీ' అనే మాట ఇంకా ఘోరము. పైగా త, న, మ, య, ర, ల వత్తులకు తమ తల్లి అక్షరాల పోలికే లేదు. ర వత్తుకైతే క్రావడి అని పేరే వేరు. బిడ్డ 'పుసకం' అని, 'పుస్కతం' అని వ్రాస్తే అది సోమరితనం కాదు, ఈ మెలిక. మాకు పనిచేసిన ఉపాయం పొల్లు. మొదట 'పుస్ తకం' అని విడదీసి పొల్లుతో వ్రాయనిచ్చాము. 'వస్ తే', 'అమ్ మ', 'చెట్ టు'. విన్న వరుసలోనే వ్రాత. అది స్థిరపడిన తరువాత, "ఇప్పుడు రెండవదానిని మొదటిదాని క్రిందికి దించు" అన్నాము. నాలుగైదు నెలలు పట్టింది. పట్టనివ్వండి. మన లిపికి చుట్టమైన కన్నడ లిపిలో సొనాలి నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. ఇట్టి లిపులలో అక్షరాలన్నీ పట్టుబడుటకు మామూలు బిడ్డలకే నాలుగవ తరగతి దాకా పడుతుందని అందులో తేలింది. ఆరేండ్ల బిడ్డకు వత్తులు రాలేదని తల పట్టుకొని కూర్చునే తల్లులు దీనిని జ్ఞాపకం పెట్టుకోవలెను.

కంటి తప్పులు అంటే ప, వ, ష కలిసిపోవుట, మ, య కలిసిపోవుట, బ, ఒ తారుమారగుట. దీనికి ఇసుక పళ్లెం. అంచున్న పళ్లెంలో సన్నని ఇసుకో, బియ్యపు రవ్వో పోసి, ఒక అక్షరమును చూపుడు వ్రేలితో దిద్దుతూ దాని ధ్వనిని పెద్దగా పలకవలెను. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, వ్రేలు కదులుతుంది. కలిసిపోయే రెండు అక్షరాలను ఒకే దినం నేర్పకూడదు. ఒకటి గట్టిపడిన తరువాతనే రెండవది. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఉపాధ్యాయురాలు 1930ల దశకంలో రూపొందించిన పద్ధతికి సారం ఇదే. ఇప్పుడు పట్నంలో ఆ పేరుతో ఫీజులు కట్టించుకొంటున్నారు. కాని ఇసుక ఎవరిది? ఆండ్రూ బెల్ అనే గురువు 1789 నుండి మద్రాసులో మగపిల్లల అనాథాశ్రమమును నడిపాడు. ఆయన ఒక దేశీయ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో అక్షరాలు దిద్దుట చూచి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానినిగూర్చి పుస్తకం అచ్చు వేయించాడు. ఇంగ్లండు బడులలో అది 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో వ్యాపించింది. మనం పలకా బలపం వచ్చాక ఇసుకను వదిలాము. అది సముద్రాలు దాటి తిరిగి వచ్చింది.

వరుస తప్పులకు దినానికి అయిదు మాటలు, పదిహేను నిమిషాలు. అంతకు మించవద్దు. మాట చూడవలెను, పలకవలెను, చేతితో మూయవలెను, వ్రాయవలెను, తెరచి తానే సరిచూచుకోవలెను. తప్పు తానే పట్టుకొంటే అవమానం లేదు. ఆ అయిదు మాటలే మరునాడు ఒకసారి, మూడవనాడు ఒకసారి, వచ్చే వారం ఒకసారి. కొత్త మాటలకోసం తొందర వద్దు. ఒక్క మాటను యాభై మార్లు వ్రాయించే ఇంపోజిషను మాత్రం దయచేసి మానండి. పదవసారికే బిడ్డ కన్ను కిటికీలో ఉంటుంది. మొదటిసారి తప్పు పడితే తప్పును నలభైతొమ్మిదిసార్లు నేర్పినట్టే.

ఇంగ్లీషు గురించి క్లుప్తంగా. తెలుగులో విన్నట్టు వ్రాయవచ్చును, ఇంగ్లీషులో వీలుపడదు. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు 'దో'లో ఒక విధంగా, 'త్రూ'లో ఒక విధంగా, 'ఇనఫ్'లో మరొక విధంగా పలుకుతాయి. తడబడే బిడ్డకు రెండు భాషల వ్రాత ఒకేసారి మొదలుపెట్టకండి. నోటి ఇంగ్లీషు ఎంతైనా నేర్పండి. వ్రాతలో ముందు తెలుగు నిలవనివ్వండి. దీనికి ఒప్పుకోనివారు ఉన్నారని తెలుసు. మా ఇంట ఒక సంవత్సరం ఆగాము, నష్టమేమీ కాలేదు.

మూడవ బిందె చేయి. మన అక్షరాలు గుండ్రనివి. తాటాకుమీద గంటంతో గీత గీస్తే ఆకు చీలుతుందని గుండ్రంగా తిప్పారని పెద్దలు అంటారు. ఆ వంపు తిరుగుటకు వ్రేళ్లలో బలం కావలెను. చపాతి పిండి పిసకనివ్వండి, పిండితో అక్షరాలు చేయనివ్వండి, పూలు గ్రుచ్చనివ్వండి. లావు పెన్సిలు, వెడల్పు గీతల పుస్తకం ఇవ్వండి. చేతివ్రాత అందంగా లేదని సంగతిని కొట్టివేయకండి. పదేండ్లు దాటిన బిడ్డకు ఫోను కూడా సాయమే. ఈనాటి ఫోను తెలుగు మాట విని తెలుగులోనే వ్రాసిపెడుతున్నది. మావాడు పెద్ద సంగతులు దానికే చెబుతాడు, తరువాత కూర్చుండి అది చేసిన తప్పులు దిద్దుతాడు. ఇతరుల తప్పులు దిద్దుటలో వానికి గొప్ప ఆనందం.

సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో వరుసగా ఒక్కొక్కరి చేత ఒక్కొక్క వచనం చదివించే ఆచారం మనకు ఉన్నది. తన వంతు ఎన్నవదో లెక్కపెట్టుకొంటూ వణికే బిడ్డకు ముందరి పది వచనాలలో ఒక్కటీ వినబడదు. అట్టి బిడ్డ ఉన్నాడని తెలిస్తే వాని వచనం శనివారం సాయంకాలమే తల్లికి చెప్పి పంపండి. లేదా కంఠస్థం చెప్పనివ్వండి. వ్రాతలో వెనుకబడిన బిడ్డలు కంఠస్థంలో బహుమతులు తెచ్చుకొనుట నేను పలు సంఘాలలో చూచాను. క్రిస్మసు నాటకంలో గొఱ్ఱెల కాపరి వేషం వారికే అని తీర్మానించుకోకండి. మాట ఉన్న వేషం ఇవ్వండి.

ఇంత చేసినా, ఎనిమిదేండ్లు దాటిన బిడ్డలో మాటకూ వ్రాతకూ దూరం తగ్గకపోతే నిపుణులకు చూపించవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇట్టి చదువు చిక్కులను గుర్తింపు పొందిన 21 వైకల్యాలలో చేర్చింది. 2018లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, పరీక్షలో వ్రాసిపెట్టే సహాయకుని, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు కాలమును అర్హులైనవారు కోరవచ్చును. దీనికి ప్రభుత్వ వైద్య మండలి ధృవపత్రం కావలెను. కొందరు తల్లిదండ్రులు ఆ కాగితం తెచ్చుకొనుటకు సిగ్గుపడుతున్నారు. ఆడపిల్ల అయితే సంబంధాలు రావని భయపడుతున్నారు. ఒక తల్లి నాతో ఏడ్చింది కూడా. ఆ కాగితం ఊరందరికీ చూపేది కాదు, పరీక్ష అధికారికి ఇచ్చేది. అది లేక పదవ తరగతి తప్పిన బిడ్డకు సంబంధాల మాట తరువాత, చేతిలో ఏ పనీ ఉండదు.

మావాని సంగతి ఏమైనదని మీరు అడుగుతారు. పన్నెండేండ్లు దాటినవి. ల, ళ ఇప్పటికీ కలుపుతాడు. ణ అంటే వానికి ఇష్టం లేదు. మొన్న వాళ్ల నాయనమ్మకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశాడు. తప్పులు ముప్పై దాకా ఉన్నవి. ఆమె తప్పులు చూడలేదు, ఆమెకు కళ్లజోడు ఉన్నా లేకున్నా ఒకటే. పక్కింటి అమ్మాయితో రెండుసార్లు చదివించుకొని విన్నదట. ఉత్తరంలో కోళ్ల సంగతి ఉన్నది, కోతుల సంగతి ఉన్నది, నేను ఆరాధనలో కళ్లద్దాలు మరచి పాట సంఖ్య తప్పు చెప్పిన సంగతి కూడా ఉన్నది.

గంట కొట్టారు. ఇసుక పళ్లెం, చీటీలు, వాడు చెప్పగా తల్లి వ్రాసిన మూడు పుస్తకాలు వెనుక బల్లమీద పెట్టాము. భోజన విరామంలో నా సహధర్మిణి అక్కడే ఉంటుంది. అడగవలసినవారు నన్ను గాక ఆమెను అడగండి. పాఠం చెప్పింది ఆమె, మాట్లాడింది నేను.